బోర్లించిన కప్పు

"టీ ఎవరు పోశారు?"

"సూదే పోసిందండీ."

"ఎందులో?"

"తాత కప్పులోనే. ఇంకెందులో పోస్తుంది?"

డిటెక్టివ్ తల ఊపింది. పొద్దుటి నుంచి ఆమె అడిగిన ఎనిమిది మందీ ఇదే జవాబు చెప్పారు. చివర ఆ ఎదురు ప్రశ్న కూడా అందరి నోటా అచ్చు గుద్దినట్టు ఒకేలా వచ్చింది.

ఇప్పుడు స్టూలు మీద కూర్చున్న ఎనిమిదో మనిషి వడ్రంగి. ఇక్కడ అందరికీ అతను 'బావ'. తలపండిన వాళ్ళకీ బావే, మొన్న చేరిన కాలేజీ పిల్లలకీ బావే. కనుబొమల మీద రంపంపొట్టు అలాగే ఉంది. తుడుచుకోవాలన్న ధ్యాస ఉన్నట్టు లేదు.

"ఆ రోజు మీటింగు నడిపింది మీరేగా?"

"ఈ నెల వంతు నాదండీ. మాకు అధ్యక్షుడూ కార్యదర్శీ ఉండరు. నెలకొకరు నడుపుతారు. బంతిలో వడ్డించేవాడి లాంటి పని. తను తినడు, అందరూ తిన్నారో లేదో చూసుకుంటాడు."

"గొడవేమైనా?"

"తాత బల్ల కిటికీ దగ్గర్నుంచి కదిలించి, వెలుతురు కోసం అక్కడ కుట్టుమిషన్లు పెట్టుకుంటానంది సూది. తాత కుదరదన్నాడు. మాటా మాటా అనుకున్నారు. తర్వాత టీ పోసి, వాళ్ళమ్మకి బాగోలేదని తొందరగా వెళ్ళిపోయింది. మిగతావాళ్ళు కూడా ఎవరి దారిన వాళ్ళు పోయారు. తాత కుర్చీలో కూర్చునే కునుకు తీస్తున్నాడు. నేను కాసేపు చెక్క అరగదీసే సాండింగ్ మిషను వేసుకుని, తాళం తాత దగ్గరే వదిలేసి వెళ్ళాను. పొద్దున్న వచ్చేసరికి..." బావ చెయ్యి గాల్లో ఊపి ఆపేశాడు.

పొద్దున్న వచ్చేసరికి రేడియో తాత మీటింగు బల్ల మీద తల వాల్చి చనిపోయి ఉన్నాడు. గుండె వేగాన్ని తగ్గించే మందు, మోతాదుకు ఎన్నో రెట్లు, కడుపులో ఉందని డాక్టరు తేల్చాడు. అదే మందు తాత కప్పు అడుగున మిగిలిన టీలోనూ దొరికింది.

ఇదంతా విని డిటెక్టివ్‌కి ఏమీ అనిపించలేదు. తన అక్క పోయిన దగ్గర్నుంచి ఆమెకు ఏదీ ఏమీ అనిపించడం లేదు. పన్ను పీకే ముందు సూది మందు ఇస్తే చిగుళ్ళు ఎలా ఉంటాయో, లోపల అంతా అలాగే ఉంది. నొక్కితే నొక్కినట్టు తెలుస్తుంది, నొప్పి తెలియదు. ఈ వృత్తికి అది మంచిదేనని తనకు తానే చెప్పుకుంటూ వస్తోంది.

లేచి తలుపు దగ్గరికి నడిచింది. గుమ్మం పైన చెక్క మీద కాల్చి రాసిన అక్షరాలు: హ్యాకర్‌స్పేస్. పేరు చూసి బ్యాంకులు కొల్లగొట్టే ముఠా అనుకుని భయపడేవాళ్ళు ఉన్నారట. లోపల ఉన్నవి ఒక పాత గోడౌను, రంపాలు, సోల్డరింగ్ కడ్డీలు, కుట్టుమిషన్లు, ఒకరి కుర్చీ ఇంకొకరు బాగుచేసుకునే మనుషులు. జీతాలు లేవు, యజమాని లేడు. ఎవరి ఓపిక కొద్దీ వాళ్ళు పనిచేస్తారు. ఏ చిన్న నిర్ణయమైనా వారానికోసారి మీటింగులో, అందరూ ఒప్పుకుంటేనే.

"ఏమ్మా, పాఠాలు అప్పజెప్పించుకోవడం అయిందా?"

ఇన్‌స్పెక్టర్. గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు ఆమె ఇతని కిందే పనిచేసింది. ఆ సంగతి ఆమె మరిచిపోదామన్నా అతను మరిచిపోనివ్వడు.

"అయింది సార్. అందరూ నూటికి నూరు మార్కులు."

"మరింకేం? గొడవ పడింది ఆ పిల్ల. టీ పోసింది ఆ పిల్ల. సాక్షులు ఎనిమిది మంది. సాయంత్రంలోపు తీసుకెళ్ళి లోపల వేస్తాను. అడ్డురాకు." నవ్వాడు. "నిన్ను పెట్టుకోవాలా వద్దా అని మీటింగు పెట్టుకున్నారటగా. నా సర్వీసులో ఇలాంటి చోద్యం చూడలేదు."

"అందరూ ఒప్పుకున్నారట సార్."

"ఒప్పుకోక? డబ్బు దండగ చేసుకోవడంలో కూడా ఐకమత్యమే."

"అమ్మాయితో ఒకసారి మాట్లాడతాను."

"మాట్లాడు. జీపు స్టార్ట్ చేసేదాకా టైముంది నీకు."

*

సూది ముందు గదిలో మహిళా కానిస్టేబుల్ పక్కన బెంచీ మీద కూర్చుని ఉంది. పాతికేళ్ళుంటాయి. కుట్టుపని ఆమె బతుకుతెరువు. సన్నగా, నిటారుగా, అనాల్సింది గుచ్చినట్టు అనేస్తుందని ఆ పేరు. ఏడ్చి ఏడ్చి కన్నీళ్ళు అయిపోయిన మొహం. కానిస్టేబుల్ కూడా ఆ పిల్ల వైపు చూడకుండా గోడ వైపు చూస్తోంది.

"టీ ఎందులో పోశావమ్మా?"

"నా కప్పులో. ఇన్‌స్పెక్టర్ గారికి ఎన్నిసార్లు చెప్పినా నమ్మడం లేదక్కా."

"నీ కప్పులో తాతకి ఎందుకు పోస్తావు?"

"తాత తన కప్పు బోర్లించాడు కదా!" ఇది కూడా తెలియదా అన్నట్టు చూసింది సూది. తర్వాత తెలియదని గుర్తొచ్చి నెమ్మదిగా చెప్పింది. "ఇక్కడ ఎవరి కప్పు వాళ్ళకి ఉంటుంది. మీటింగులో ఏదైనా విషయం మీకు బొత్తిగా కుదరదనుకోండి, మీ కప్పు బల్ల మీద బోర్లించేస్తారు. ఇక ఆ విషయం అక్కడితో ఆగిపోవాలి. ఒక్క కప్పు చాలు. మళ్ళీ మీ అంతట మీరు తిప్పేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోరు. ఇల్లు తగలబడుతున్నా ముట్టుకోరు."

"ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నమాట."

"అంతే. ఉలిపికట్టెకి కూడా ఓ మర్యాద ఉండాలని తాతే పెట్టాడు ఆ పద్ధతి. ఇంకో రూలు కూడా ఆయన పెట్టిందే. కప్పు బోర్లించినవాళ్ళకి తాగడానికి కప్పుండదు కదా. అందుకని ఎవరి మాటకి అడ్డం పెట్టారో వాళ్ళే తమ కప్పులో టీ ఇవ్వాలి. ఒకే కప్పులో తాగాక ఇంక పగేముంటుందే అనేవాడు. కోపంగానే ఇచ్చానక్కా. ఇదుగో తాగు, తాగి నా మిషన్ల కళ్ళు కూడా పొడిచెయ్యి అన్నాను. ఆయన పకపకా నవ్వాడు. అదే ఆఖరి మాట."

"ఈ కప్పుల సంగతి మిగతావాళ్ళు ఒక్కరూ నాకు చెప్పలేదు."

"అదే నాకూ అర్థం కావడం లేదు. అందరూ చూస్తుండగానే ఇచ్చాను."

ఒక్కరి మాటకి ఎదురుగా ఎనిమిది మంది మాట. ఇన్‌స్పెక్టరు స్థానంలో ఉంటే తనైనా ఎనిమిది వైపే మొగ్గుతుంది. డిటెక్టివ్ బల్ల ఉన్న గదిలోకి వెళ్ళింది.

*

పెద్ద ప్లైవుడ్ బల్ల. చుట్టూ పోలీసుల తాడు. ఇన్‌స్పెక్టరు ఒక కానిస్టేబుల్‌ని వెంటబెట్టుకుని వెనకే వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏముంది అక్కడ? కప్పు ల్యాబుకి పోయి వచ్చింది కూడా. బల్లంతా దుమ్ము, అంతే."

"ఆ దుమ్మే చూస్తున్నాను సార్."

బల్ల మీద పిండి జల్లెడ పట్టినట్టు సన్నటి చెక్కపొడి పరుచుకుని ఉంది. బావ ఆ రాత్రి మిషను వేశాక గాల్లో తేలి తేలి కిందికి దిగిన పొడి. తాత తల ఆనించిన చోట, చేతులు పెట్టిన చోట పొడి లేదు. వాటి పక్కన పోలీసులు గీసిన సుద్దముక్క గుండ్రం. కప్పు దొరికిన చోటు.

"తాత కప్పు ఇవ్వండి సార్."

"ఏం, టీ కావాలా?"

"ఉంటే బాగుండు."

ఇన్‌స్పెక్టరు విసుక్కుంటూనే పాలిథిన్ సంచిలోంచి కప్పు తీయించాడు. అడుగు చిన్నగా, మూతి వెడల్పుగా ఉన్న పింగాణీ కప్పు. ఆమె చేతిగుడ్డతో పట్టుకుని సుద్ద గుండ్రంలో నిలబెట్టింది. సరిగ్గా సరిపోయింది.

"సుద్ద గీత మీవాళ్ళు కప్పు అడుగు చుట్టూ గీశారు. దాని బయట చూడండి."

సుద్ద గీతకి బయట, చుట్టూ ఇంకో రెండు వేళ్ళ మేర పొడి లేదు. నున్నటి ప్లైవుడ్ బయటపడి ఉంది. ఆమె కప్పు ఎత్తి, తలకిందులు చేసి, అదే చోట మెల్లగా బోర్లించింది. మూతి అంచు ఆ నున్నటి చోటు అంచుకి వెంట్రుకవాసి తేడా లేకుండా కుదిరింది.

ఇన్‌స్పెక్టరు వంగాడు.

"పొడి రాలుతున్నంతసేపూ ఈ కప్పు బోర్లించే ఉంది సార్. బోర్లించిన కప్పులో ఎవరూ టీ పోయలేరు. తర్వాతెవరో దీన్ని తిప్పి, ఇంత టీ, ఇంత మందు అడుగున పోసి పెట్టారు. మిషను వేసిన రాత్రి కాదు, పొడి పూర్తిగా దిగాక. అంటే తెల్లారాక. తెల్లారాక సూది ఎక్కడుంది?"

"వాళ్ళమ్మతో ఆస్పత్రిలో," అన్నాడు అతను అయిష్టంగా. "మేం వచ్చాకే వచ్చింది. నేనే ఫోన్ చేసి పిలిపించాను."

"మరి?"

"అయితే ఎనిమిది మందీ అబద్ధం చెప్పారంటావా?"

"ఎనిమిది మందీ ఒకే మాట చెప్పారు. ఒకే మాట అంటే ఒకరి మాటే కదా సార్. ఒకరు నేర్పితే మిగతావాళ్ళు వల్లించారు."

అతను మొహం గంటు పెట్టుకున్నాడు. కింద పనిచేసిన మనిషి చేతిలో, అందులోనూ కానిస్టేబులు ఎదుట, చెక్కపొడి తిన్నట్టయింది అతనికి. "ఎప్పుడూ ఇంతే నువ్వు. తేలిపోయిన కేసుని కెలికి పెంట చేస్తావు." అయినా మనిషి పోలీసువాడే. బల్ల ఫొటోలు తీయించాడు. కప్పుల కొక్కేలకి వేలాడుతున్న సూది కప్పు కూడా సంచిలో వేయించాడు. అది శుభ్రంగా కడిగి ఉంది. "ల్యాబు మూసేలోపు ఇవి ఇచ్చి వస్తాను. పై ఆఫీసర్లకి చెప్పుకోవాలి కూడా. రేపు ఎనిమిది మందినీ స్టేషనుకి పిలుస్తాను. ఆ పిల్లనీ వదిలేస్తున్నాను. చాలా?"

"కానిస్టేబుల్‌ని ఉంచండి సార్."

"అరెస్టే లేనప్పుడు కానిస్టేబులెందుకు? నువ్వున్నావుగా, మహా మేధావివి."

జీపు వెళ్ళిపోయింది. గెలిచానన్న సంతోషం ఏమైనా కలుగుతుందేమోనని ఆమె ఒక నిమిషం చూసింది. ఏమీ లేదు.

*

వదిలేశారని చెబితే సూది కూడా పెద్దగా సంబరపడలేదు. "ఓహో," అంది. ఆ తర్వాత, "మరి తాతనెవరు చంపారు? ఆయనంటే ఎవరికి కోపం?"

డిటెక్టివ్ పక్కన కూర్చుంది. "ఎవరికీ కోపం లేదమ్మా. ఆ మందు నీ కప్పులో వేశారు, అది బయటపడకుండా తర్వాత తాత కప్పులో పోసి పెట్టారు. తాత అడ్డం పెడతాడని ముందుగా ఎవరికి తెలుసు?"

"అంటే... నాకా?" అంది సూది.

"ఆ రోజు మీటింగులో బల్ల సంగతి కాక ఇంకేమైనా మాట్లాడాలనుకున్నావా?"

"వెనక గది సంగతి." సూది గొంతు తగ్గించింది. "దాని తాళంచెవి పోయిందని నెలల తరబడి చెబుతున్నారు. నా గుడ్డల మూట అందులో ఉండిపోయిందని మొన్న కిటికీ చెక్క తప్పించి చూశాను. మూట లేదు. ఆస్పత్రి సామాను ఉంది. మందుల పెట్టెలు, రోగులకి పెట్టే యంత్రాలు, వాటి మీద ఆస్పత్రి ముద్రలతో సహా. ఎవరో కొట్టుకొచ్చి దాచినట్టే ఉంది. మీటింగులో అడుగుదామనుకున్నాను. బల్ల సంగతి ముందొచ్చి అది ఆఖరుకి పోయింది. తర్వాత ఈ ఘోరం. అరెస్టు భయంలో పడి మరిచేపోయాను."

"ముందుగా ఎవరికైనా చెప్పావా?"

"నడిపేవాళ్ళకి చెప్పడం పద్ధతి. ఏది ముందు, ఏది వెనక అని వాళ్ళే వరస వేస్తారు." ఆగింది. "బావకి చెప్పాను."

లోపలి నుంచి ఎవరో కేకేశారు. "సూదీ, వదిలేశారటగా! రావే తల్లీ, ఈ వారం మీటింగు నీ కోసమే ఆపాం." ఒకామె ఎదురొచ్చి సూదిని కావలించుకుంది. ఇంకొకరు ఫోన్ల బుట్ట తెచ్చారు. మీటింగుకి ముందు అందరూ ఫోన్లు అందులో వెయ్యాలట. సూది వేసింది. బుట్ట తన ముందుకీ వస్తే డిటెక్టివ్ కూడా మర్యాదకి వేసింది.

"అందరి మధ్యలో కూర్చో," అంది డిటెక్టివ్, సూది చెవి దగ్గరికి వంగి. "ఒక్కదానివే ఎక్కడికీ వెళ్ళకు. ఏమీ తాగకు. నేను బావతో మాట్లాడి వస్తాను."

ఎనిమిది మంది వల్లించిన పాఠం ఆమె మనసులో ఒకసారి కదిలింది. అక్క ఉన్నప్పటి మనిషైతే అక్కడ ఆగి ఉండేది. ఇప్పటి మనిషి ఆగలేదు.

*

బావ వెనక గది గుమ్మంలోనే ఉన్నాడు. తాళం తీసే ఉంది. లోపల గది ఖాళీ. ఊడ్చిన నేల మీద పెట్టెలు పెట్టిన చోట్లు మాత్రం చదరం చదరంగా తేలి కనిపిస్తున్నాయి.

"సామాను ఎటు పోయింది?"

"ఎవరివి వాళ్ళు పట్టుకుపోయారండీ." అబద్ధం ఆడాలన్న ఓపిక కూడా లేనట్టు చెప్పాడు.

"కప్పులో మందు వేసింది మీరే."

"నేనే."

"కప్పు చేతులు మారడం చూశారు. ఆపొచ్చు."

"చూశానండీ." అతను తన అరచేతుల వైపు చూసుకున్నాడు. "నోరు తెరిచాను. తెరిస్తే వచ్చిన మాట, తర్వాతి అంశం. అదే అన్నాను. అందరూ వెళ్ళాక తాత గురక మొదలైంది. ఒక రకం గురక. అది వినలేక మిషను వేసుకున్నాను. అరగదియ్యడానికి చెక్క కూడా లేదు. ఉత్తినే వేసుకున్నాను."

"ఎందుకు, బావగారూ? గదిలో సామాను మీదా?"

"నాది కాదు. అద్దె కట్టలేక ఈ చోటు ఖాళీ చేసే పరిస్థితి వచ్చింది. ఎవరో వచ్చి, వెనక గది ఇవ్వండి, ఏమిటని అడక్కండి, మొత్తం అద్దె మేం కడతామన్నారు. తాతా సూదీ అయితే కప్పు బోర్లించేస్తారని తెలుసు. అందుకని వాళ్ళిద్దరూ లేనిరోజు చూసి మీటింగు పెట్టాం."

"పెట్టాం అంటే?"

"అందరం. నలుగురితో నారాయణ. అందరూ ఒప్పుకున్నారు." గోడకి ఆనుకున్నాడు. "సూది చూసేసిందని చెప్పాక ఇంకో మీటింగు. పోలీసులకి చెబితే అందరం లోపలే, ఈ చోటూ ఉండదు. ఏదో ఒకటి చెయ్యాలన్నారు. పని ఎవరు తీసుకుంటారని అడిగాను. ఒక్క చెయ్యీ లేవలేదు. ఎవరూ తీసుకోని పని నడిపేవాడే తీసుకోవాలండీ. అది మా రూలు."

డిటెక్టివ్ గుమ్మం బయటికి, మీటింగు వైపు చూసింది.

"ఆ రోజు కప్పు తాత చేతికి వెళ్ళేటప్పుడు..."

"అందరూ చూశారు. ఎవరూ అడ్డం పెట్టలేదు."

"మరి నన్నెందుకు పెట్టుకున్నారు?"

"సూది అడిగిందండీ. డిటెక్టివ్‌ని పెట్టుకుందామని. కప్పు బోర్లిస్తే ఎందుకో చెప్పాలి. ఏమని చెబుతాం? తేలు కుట్టిన దొంగల్లా కూర్చుని తలకాయలు ఊపాం." మొదటిసారి నవ్వులాంటిదేదో అతని మొహంలోకి వచ్చి పోయింది.

ముందు గదిలో ఇనుప షట్టరు బరబరమంటూ కిందికి దిగింది. పట్టపగలు. ఆమె చెయ్యి ఫోను కోసం జేబులోకి వెళ్ళి, ఉత్త గుడ్డని తడిమి వచ్చింది.

నొప్పి తెలియకుండా ఇచ్చిన మందు దిగేటప్పుడు ముందు చిన్నగా జివ్వుమంటుంది. అది మొదలైంది. అరికాళ్ళ దగ్గర మొదలై పైకి వస్తోంది. భయం. ఇన్ని నెలల తర్వాత వచ్చిన మొదటి చుట్టం.

"వెళ్దామండీ," అన్నాడు బావ, బట్టల మీద పొడి దులుపుకుంటూ. "నడిపే వంతు ఇంకా నాదే. నా కోసం ఆగి ఉంటారు."

"ఇవాళ ఏమిటి అంశం?"

"రెండున్నాయి. మొదటిది సూది." అతను ఆమె కళ్ళలోకి చూడకుండా గుమ్మం వైపు దారి ఇచ్చాడు. "రెండోది మీరు."

ముందు గదిలోంచి సూది గొంతు వినిపించింది. చాలా రోజుల తర్వాత తేలికపడ్డ మనిషి గొంతు.

"అక్కా, ఎక్కడున్నారు? రండి. మీకూ కుర్చీ వేశాం."